గాడిద ఆయంలో గుర్రం

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ వస్తువూ దానంతట అది ఒక చోట ఉండేది కాదు. ఎవరో ఒకరిని అడిగి ఉంచాల్సిందే. జల్లెడ తగిలించే మేకు ఏ గోడకు కొట్టాలన్నా ఊరి వడ్రంగి, మా వడ్ల తాత, వచ్చి కొలవాలి, గల్లాపెట్టె ఏ దిక్కుకు తిప్పాలన్నా అయ్యగారు వచ్చి పంచాంగం విప్పాలి. ఇంత జాగ్రత్తగా బతికే ఇంట్లో ఎలుకలు మాత్రం ఎవరినీ అడక్కుండా తమకు నచ్చిన చోటే కన్నాలు పెట్టుకొని, పిల్లాపాపలతో హాయిగా ఉండేవి. వాటిని చూసైనా నేను కాస్త బుద్ధి తెచ్చుకొని ఉంటే ఈ ముచ్చట ఇంకోలా ముగిసేది.

మాది చేవెళ్ళ. బాపుకు కిరాణా దుకాణం. నాకు మీసం మొలిచీ మొలవని వయసు. చదువు నన్నూ నేను చదువునూ వదిలేసుకొని, అప్పటికే దుకాణంలో బెల్లం దిమ్మలు కొడుతున్నాను. బాపు వాళ్ళమ్మ, మా అవ్వ, మాతోనే ఉండేది. తాత బతికున్నప్పుడు పొద్దుగూకే వేళ అరుగు మీద తంబూర పట్టుకొని తత్వాలు పాడేవాడట. ఆయన పోయాక ఆ తంబూరను ఎంతో గౌరవంగా అటక మీద పెట్టారు, చెదలు అంతకన్నా గౌరవంగా దాన్ని తినేశాయి. (అటకెక్కించడమంటే ఏమిటో నాకు అప్పుడే అర్థమైంది.) తాత పాడిన వాటిలో ఒక తత్వమంటే అవ్వకు ప్రాణం. మొదటి చరణం నేల మీద నడిచినట్టు నడిచి, రెండో చరణంలో ఒక్కసారిగా పైకి లేస్తుంది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ అవ్వ దాన్ని కూనిరాగం తీసేది. పైకి లేచే చోటు రాగానే ఆమె గొంతు అందక, అదే వరుసను కింది గొంతులో పాడి, చెయ్యి మాత్రం గాలిలోకి ఎత్తి చూపించేది.

"గీడ మీదికి పోతదిరా. మీ తాత గొంతు పోయేది. నా గొంతు పోదు" అనేది.

ఆ ఏడు అవ్వకు చెవులు మందగించడం మొదలైంది. ఎల్లిపాయ కాచిన నూనె పోశారు, హకీము ఇచ్చిన చుక్కలు వేశారు. చెవులు జిడ్డయ్యాయి తప్ప తెరుచుకోలేదు. ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "చెవులు మూతవడకముందు ఒక్కసారి గా మీదికి పొయ్యేది ఇంటె సాలు బిడ్డా" అంది. దుకాణం మూసేదాకా నాకు ఆ మాటే చెవుల్లో తిరిగింది. తంబూర కొనిస్తావా అని బాపును అడిగితే, "లడాయి జమానల తంబూరేందిరా, కిరసనాయిలే దొరుకుతలేదు" అన్నాడు. (అవి యుద్ధం రోజులు.)

ఆ కార్తీకంలో దుకాణం సరుకు కోసం ఎడ్లబండి మీద పట్నం పోతున్నాను. గండిపేట కట్ట దగ్గర ఎద్దులకు నీళ్ళు తాపుదామని ఆగితే, సికింద్రాబాదు నుంచి మోటార్లలో షికారుకొచ్చిన దొరలు కనిపించారు. వాళ్ళు ఓ పక్క తింటూ ఉంటే, వాళ్ళు వెంట తెచ్చుకున్న బ్యాండు మనిషి ఒకడు చెట్టు కింద కూర్చొని గిటారు మీటుతున్నాడు. నెత్తిన పెద్ద టోపీ. నేను చేతిలో నీళ్ళ బొక్కెన మరిచిపోయి నిలబడ్డాను. ఆ తీగ మీద అతని వేలు కిందికి జరిగేకొద్దీ పాట పైకి పోతున్నది. అవ్వకు అందని చోటు అక్కడ పడి ఉన్నది! టోపీ సాబు నన్ను చూసి నవ్వి, "క్యా మియా, నేర్చుకుంటవా?" అన్నాడు. అంత ఖరీదు వస్తువు మాకెక్కడిదని నేను నసిగితే, దొరలు కాల్చి పారేసిన చుట్టల పెట్టె ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. పలచటి చెక్క, మూత తీస్తే కమ్మటి వాసన. "దీనితోని భీ అయితది. కట్టె పెట్టు, తీగ కట్టు, ఘోడీ పెట్టు, బస్" అన్నాడు.

ఘోడీ అంటే తీగలను పెట్టె మీద ఎత్తిపట్టి ఉంచే చిన్న చెక్క ముక్క. (ఆ మాటకు ఉర్దూలో ఆడగుర్రమని కూడా అర్థం, మా ఊరు చేరేసరికి అది గుర్రమైపోయింది.) నేను కోమటి బుద్ధితో వెంటనే మొలతాడుకున్న దారం తెంపి, గిటారు మెడ మీద మెట్టుమెట్టుకూ ఒక ముడి వేస్తూ కొలత తీసుకున్నాను. మెట్లన్నీ అయి, ఇక ఆఖరున ఘోడీ దాకా దారం లాగబోతుండగా దొరలు మోటారు హారన్ కొట్టారు. టోపీ సాబు గిటారు చంకన పెట్టుకొని పరుగెత్తాడు. నా దారానికి ఆఖరి ముడి పడనేలేదు. నా బతుకులో చాలా పనులకు ఆ ముడి పడలేదు గాని, దీనికి పడనందుకే ఇప్పటికీ బాధ.

పట్నంలో సితారు తీగలు కొన్నాను. తిరిగొస్తూ మొయినాబాదు సైకిలు దుకాణంలో విరిగిన చక్రం పుల్లలు అడుక్కున్నాను. అవి మెట్లకు పనికొస్తాయి. వడ్ల తాత టేకు కట్టెను పెట్టెలోంచి దూర్చి, నా దారం ముడుల ప్రకారం పుల్లముక్కలు బిగించి, చింతచెక్కతో ముచ్చటైన గుర్రం చెక్కి ఇచ్చాడు. అంతదాకా బాగానే ఉన్నది. దారానికి ఆఖరి ముడి లేదు కనుక, గుర్రం ఎక్కడ నిలబెట్టాలి అనేసరికి మా అరుగు మీద పంచాయితీ కూర్చుంది.

"నడిమిట్ల పెట్టుండ్రి. ముల్లు నడుమ లేకుంటె తరాజు ఎట్ల నిలుస్తది?" అన్నాడు బాపు. ఆయన లోకాన్నంతా తరాజుగానే చూసేవాడు.

"అట్ల గాదు సేటూ, ఆయం సూడాలె" అన్నాడు వడ్ల తాత. "బండికి సూస్తం, బాయికి సూస్తం, దర్వాజకు సూస్తం. దీనికెందుకు సూడొద్దు?"

ఆయమంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పాలి. పొడవును అంగుళాల్లో, అంటే వేలి వెడల్పుల్లో, కొలిచి ఎనిమిదితో భాగిస్తే మిగిలినదాన్ని బట్టి అది జెండా ఆయమో, పొగ ఆయమో, సింహమో, కుక్కో, ఎద్దో, గాడిదో, ఏనుగో, కాకో అవుతుంది. కోమటింటికి ఎద్దు ఆయం ధర్మం. గాడిద వచ్చిందా, ఇల్లు గుల్లే.

అరుగు చివర కూర్చున్న అవ్వ ఇదంతా మా మూతుల కదలికను బట్టి పసిగట్టింది. "దాన్ని అంటియ్యకుర్రిరా. తీగలే తొక్కి పడ్తయ్. ఇటు జరిపి ఇను, అటు జరిపి ఇను. నడిమి మెట్టు ఒత్తి మీటు, ఒత్తకుండ మీటు, రెండు అక్కచెల్లెండ్ల లెక్క పలకాలె. యాడ పలికితె గాడ ఉంచు" అన్నది. అని ఊరుకోకుండా పెట్టెను ఒళ్ళోకి లాక్కొని, చెవి మూతకు ఆనించి, నన్ను మీటమని, గుర్రాన్ని తన వేలితో నెమ్మదిగా జరుపుతూ పోయింది. ఒకచోట ఆగింది. ముఖం విప్పారింది. "ఆఁ, గిక్కడ" అన్నది.

వడ్ల తాత తీగ మొదలు నుంచి గుర్రం దాకా అంగుళాలు కొలిచాడు, లెక్క కట్టాడు, రెండు చెవులూ మూసుకున్నాడు. "ఆరు మిగిలింది సేటూ. గాడిద!"

"గుర్రాన్ని తీస్కపోయి గాడిద జాగల కడ్తమా? దుకాణం మునుగుతది" అని బాపు లేచి నిలబడ్డాడు. ఆపైన నా చెవిలో, "అవ్వకే ఇనరాదు, అవ్వ చెప్పిన జాగ ఏందిరా" అన్నాడు. చెవులు సరిగా లేని మనిషి చెవితో విని చెప్తే, నిక్షేపంలాంటి చెవులున్న మేం ముగ్గురం వేళ్ళతో కొలిచి కాదన్నాం. గుర్రం ఒక్క అంగుళం ఇవతలికి, ఎద్దు ఆయంలోకి వచ్చింది. ఒక్క అంగుళమే కదా అని నేనూ ఊరుకున్నాను.

అప్పటికి పుష్యమాసం వచ్చిపడింది. శూన్యమాసంలో ఏదీ నిలపకూడదు కనుక గుర్రాన్ని పసుపు గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టి, మాఘం దాకా కాచుకున్నాం. ఆ నెల రోజుల్లో అవ్వకు దుకాణం ముందు బండ్ల గంటలు వినబడటం మానేశాయి. మాఘంలో మంచి గడియ చూసి వడ్ల తాత సరేసు కాచాడు. సరేసు అంటే పశువుల తోలు ఉడికించి తీసే జిగురు. ఆ వాసనకు మా అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "తోలు ఉడకవెట్టిన నీళ్ళు నా వాకిట్లనా!" అని వీధంతా వినేట్టు అరిచింది. (అవ్వ తప్ప అందరూ విన్నారు.) చివరికి కొట్టంలో, ఎద్దుల సమక్షంలో, ఎద్దు ఆయంలో గుర్రం అంటుకుంది. ఇక ఏనుగొచ్చి లాగినా రాదని వడ్ల తాత హామీ ఇచ్చాడు.

మర్నాడు సాయంత్రం అవ్వ పక్కన అరుగు మీద కూర్చొని, చెవికి దగ్గరగా పెట్టి తత్వం మొదలుపెట్టాను. మొదటి చరణం నడిచింది. అవ్వ కళ్ళు మూసుకొని తల ఊపింది. రెండో చరణంలో పైకి లేచే చోటు రాగానే ఆ స్వరం లేచీ లేవకముందే పక్కకు ఒరిగింది. ఎంత పైకి పోతే అంత తప్పుతున్నది. అవ్వ కళ్ళు తెరిచింది.

"మీదికెక్కంగనే జారుతున్నదిరా. గా గుర్రం జర జరుపు" అన్నది.

బాపును అడిగితే నిలిపిన ఆయం కదపకూడదన్నాడు. వడ్ల తాతను అడిగితే, "గుర్రం సక్కగనే ఉన్నది చిన్న సేటూ, నీ వేళ్ళే ఇంక సక్కగ గాలె. సాధన జెయ్యి" అన్నాడు. నేనూ అదే నమ్మాను. వేళ్ళు కాయలు కాచేదాకా రోజూ దుకాణంలో సాధన చేశాను. చింతపండు కోసం వచ్చిన ఒకాయన అటూ ఇటూ చూసి, "సేటూ, డబ్బాల పిల్లి గిట్ల పడ్డదా?" అని బాపును నిజంగానే అడిగాడు. అవ్వ ఇంకో రెండుసార్లు గుర్రం జరపమన్నది. తర్వాత అనడం మానేసింది. మానేసిందంటే ఒప్పుకున్నదనుకున్నాను. ఆమెకు నా వాయింపు కూడా వినబడటం మానేస్తున్నదని నాకు తట్టలేదు.

శ్రావణంలో ముసురు పట్టింది. ఇంట్లో ఉప్పు కరిగింది, బెల్లం కారింది, ఏనుగు లాగినా రానన్న సరేసు మెత్తబడింది. ఒక మధ్యాహ్నం వాయిస్తుంటే గుర్రం టప్పున ఊడి, ఉన్నచోటి నుంచి జారింది. దాన్ని మళ్ళీ తీగల కింద నిలబెట్టి, జిగురు లేదు కదా అని భయంభయంగా కొద్దికొద్దిగా జరుపుతూ మీటాను. ఒకచోట ఒత్తిన మోతా ఒత్తని మోతా ఒకటికొకటి పలికాయి, అచ్చం అక్కచెల్లెళ్ళలాగే. చూస్తే ఆ రోజు అవ్వ వేలు ఆగిన చోటు. వడ్ల తాత సుద్దతో గాడిద అని గీసిన గీత ఇంకా అక్కడే ఉన్నది. తత్వం ఎత్తుకున్నాను. మొదటి చరణం నడిచింది, రెండోది లేచింది, పైకి పోయింది, పైన నిలబడింది.

ముసురులో తడుస్తూ పెరడు దాటి అవ్వ గదికి పరుగెత్తాను. ఆమె మంచం మీద గోడకానుకొని కూర్చొని ఉన్నది. పెట్టెను ఆమె చెవి దగ్గర పెట్టి, మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తప్పకుండా వాయించాను. పైకి లేచే చోట నాకే ఏడుపొచ్చింది. ముగించి అవ్వ ముఖంలోకి చూశాను. ఆమె నా వేళ్ళ వంకే ఓపిగ్గా చూస్తున్నది.

"ఊఁ, ఎప్పుడు మొదలువెడ్తవురా?" అన్నది.

అయిపోయిందవ్వా అన్నాను. అదీ వినబడలేదు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. ఈసారి పైకి లేచే చోటుకు రాగానే, ఎక్కడున్నానో ఆమెకు తెలపడానికి ఇంకో దారి లేక, తీగ మీది చెయ్యి తీసి గాలిలోకి ఎత్తాను. వాయిద్యం ఆగిపోయింది. అవ్వ బోసినోరు విప్పారింది. "ఆఁ, గీడ మీదికి పోతది" అని తానూ చెయ్యెత్తింది. ఇద్దరం అట్లా చేతులెత్తుకొని, చప్పుడే లేని పాటను కాసేపు విన్నాం. తలుపు దగ్గర నిలబడ్డ బాపు మమ్మల్ని చూసి, తలవంచుకొని దుకాణంలోకి పోయాడు. గుర్రం గాడిద ఆయంలోనే ఉండిపోయింది. దుకాణమూ మునగలేదు.

ఆ పెట్టె ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. గుర్రాన్ని ఎప్పుడూ అంటించలేదు, తీగలే తొక్కి పట్టుకున్నాయి. ఎద్దు ఆయం చోట ఎండిన సరేసు మరక మాత్రం ఎంత గోకినా పోలేదు. తలవెంట్రుకలన్నీ నెరిసిన ఈ వయసులో కూడా ముసురు పట్టిన రోజున దాన్ని తీసి తత్వం వాయిస్తాను. పైకి లేచే చోట, అలవాటు కొద్దీ, చెయ్యి గాలిలోకి లేచిపోతుంది. లోపలి నుంచి మా ఇంటావిడ, "ఇగ ఎప్పుడు మొదలువెడ్తరు?" అంటుంది. ఆమె చెవులు శుభ్రంగానే ఉన్నాయి, నా వాయింపు మీద అది ఆమె తీర్పు. ఆ మాట నాకు మొదట ఎవరన్నారో ఆమెకు ఇంతవరకు చెప్పలేదు.