తెరకి పెద్దమ్మ వేసిన ముడి

పోయిన నెల అమ్మకి మోకాలి ఆపరేషను చేయించినప్పుడు మాకిచ్చిన గది చూసి, పైకి అనలేదు గానీ, లోలోపల కొంచెం గర్వపడ్డాను. కళ్ళని నొప్పించని లేత రంగు గోడలు, మంచం మీంచే సముద్రం కనిపించే కిటికీ, పొద్దువాలేసరికి వాటంతటవే పసుపుదనం తెచ్చుకునే దీపాలు, అడుగుల చప్పుడు వినిపించనివ్వని నేల. ఇవన్నీ రోగికి ఎందుకు మంచివో, ఏ మేరకు మంచివో తెలుసుకోవాలని ఒకప్పుడు మేం కొందరం ఒక వార్డులో నెలల తరబడి కూర్చున్నాం. అమ్మ మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా ఒక్కటే అడిగింది, తలుపు కాస్త తెరిచి ఉంచమని. తెరిస్తే ఆ తలుపు మెల్లగా, మర్యాదగా, దానంతటదే మూసుకుపోతుంది. మూడోసారి తెరిచి వచ్చి కూర్చున్నాక, చదువుకుందామని తెచ్చుకున్న పాత డైరీలో గుర్తుగా పెట్టుకున్న నీలం దారం కనిపించింది.

నాకేమీ అంత వయసు లేదు, ముప్పై దాటి ఏడాదిన్నర. అయినా అట్టకి క్లిప్పు, క్లిప్పుకి కాగితాలు, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని మొదటి ఉద్యోగంలో చేరిన మా ఈడు వాళ్ళకి ఆ రోజులు అప్పుడే ఎక్కడో దూరంగా ఉన్నట్టుంటాయి. ఆసుపత్రుల గదులు, రంగులు, వెలుతురు మనిషి కోలుకోవడం మీద ఎలా పనిచేస్తాయో పరిశోధించే బృందం అది. దాన్ని నడిపే మేడమ్ భవన నిర్మాణ శాస్త్రం చదువుకున్నావిడ. నన్ను ఎందుకు తీసుకున్నారో తర్వాత ఆవిడే చెప్పారు: నా దస్తూరీ బాగుంటుందట, పైగా నేను మాట్లాడనట. వార్డులో కూర్చుని గమనించేవాళ్ళు అక్కడ లేనట్టే ఉండాలి. కాలేజీలో నలుగురి ముందు నోరు విప్పలేక ఎన్ని మార్కులు పోగొట్టుకున్నానో నాకే తెలుసు. అలాంటి నాకు మాట్లాడకపోవడమే అర్హత అయిన ఉద్యోగం దొరికిందని ఆ రాత్రి డైరీలో రాసుకుని మురిసిపోయాను.

పాత ఊరి వైపు, ఓడల కూత వినిపించేంత దగ్గర్లో ఉండేది ఆ ధర్మాసుపత్రి. ఆడవాళ్ళ వార్డులో ఎదురెదురుగా పన్నెండు మంచాలు. మేం వెళ్ళకముందు వాటి మధ్య అడ్డమంటూ ఏమీ లేదు. చక్రాల స్టాండు మీద ఆకుపచ్చ గుడ్డ తెర ఒకటి మాత్రం తలుపు పక్కన నిలబడి ఉండేది. మేడమ్ గోడలకి రంగులు వేయించారు, దీపాలు మార్పించారు, ప్రతి మంచం చుట్టూ పట్టాలు బిగించి తెల్లటి తెరలు కట్టించారు. ఎవరి మంచం వాళ్ళకి ఒక చిన్న గదిలా ఉంటే ఆడవాళ్ళకి మర్యాదగా ఉంటుందని, చప్పుడు తగ్గి నిద్ర బాగా పడుతుందని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకంలో తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ ఏమీ కనబడదు. ఓడరేవు నుంచి వచ్చే బొగ్గు ధూళికి ఆ తెరలు నాలుగు రోజుల్లోనే బూడిదరంగుకి తిరగడం చూసి, వీటికీ ఒంట్లో బాగోలేదని వార్డంతా నవ్వుకోవడం మాత్రం గుర్తుంది.

ఆ నవ్వుకి మూలం మూడో మంచం పెద్దమ్మ. ఒడ్డున చేపలమ్ముకునే మనిషి. షుగరు వల్ల పాదం మీద పుండు పడి చేరింది. కాలు నేలకి ఆన్చకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పారు. పుండు మానకపోతే వేలో, పాదమో తీసేయాల్సి వస్తుందని కూడా చెప్పారు. తెల్లారగట్ల నుంచి రేవులో నిలబడి, మధ్యాహ్నం దాకా గంప నెత్తిన పెట్టుకు తిరిగే మనిషికి పాదమంటే బతుకే కదా. ఎదురు మంచం మీద తగరపువలస నుంచి వచ్చిన మామ్మ ఉండేది. ఆవిడదీ షుగరే. ఏదడిగినా బాగుందనేది. నిజానికి అందరూ అదే అనేవారు. నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా ఐదు బొమ్మలున్న కాగితం చూపించి తెరలు ఎలా ఉన్నాయని అడిగితే, చుట్టాలింట్లో కూర ఎలా ఉందని అడిగితే చెప్పినట్టు, పన్నెండు మందీ నవ్వే మొహం మీదే వేలు పెట్టేవారు.

కానీ రోజూ ఉదయం నేను వెళ్ళేసరికి పెద్దమ్మ తెర ఒక మూలకి చుట్టి, వల బాగుచేసే నీలం నైలాను దారంతో బిగించి కట్టేసి ఉండేది. ఆమెని చూసి మరో నలుగురు జడ రిబ్బన్లతో, చీర పీలికలతో కట్టుకునేవారు. మా పరిశీలన సాగే పదిహేను రోజులూ తెరలు మూసి ఉంచితేనే మా లెక్క నిలుస్తుంది కాబట్టి, ఆ ముడులు విప్పి తెరలు లాగడం నా పని. రిబ్బన్లు సులువుగా వచ్చేసేవి. పెద్దమ్మ ముడికి మాత్రం మొదట్లో పది నిమిషాలు పట్టేది. తర్వాత్తర్వాత చేతికి అలవాటైపోయింది.

ఒక ఉదయం ఆమె నా వేళ్ళ వైపే చూస్తూ అంది:

"ఏటే గుంటా, రోజూ నాను కడతన్నాను, నువ్వు ఇప్పుతన్నావు. ఇదేటి పనే మనిద్దరికీ?"

నేను నవ్వి ముడి విప్పుతూనే ఉన్నాను. అప్పుడు తలుపు పక్కనున్న ఆకుపచ్చ తెర వైపు గడ్డం ఎత్తి చూపించి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఆ తెర సచ్చేవోళ్ళకి పెడతారే. నాను బతకడానికొచ్చినాను."

ఆ వార్డులో ప్రాణం పోతున్నవాళ్ళ మంచం చుట్టూ మాత్రమే తెర జరుపుతారని మాలో ఎవరికీ తెలియదు. మేం పన్నెండు మందికీ తెరలు కట్టేశాం. అంతే కాదు, ఎదురు మంచం మనిషి కళ్ళు తెరిచి ఉందా, సీసాలో మందు అయిపోతోందా అని ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండడం అక్కడి ఆడవాళ్ళ పద్ధతి. సిస్టరు ఒక్కర్తే, మంచాలు పన్నెండు. తెరలు వచ్చాక ఆ చూపు పోయింది కాబట్టి, పెద్దమ్మా మామ్మా ఇంకోటి కనిపెట్టుకున్నారు. ఒకరు స్టీలు గ్లాసుతో మంచం కడ్డీ మీద కొడితే రెండోవారు తిరిగి కొట్టేవారు. ఇదంతా డైరీలో రాసుకున్నాను. ఫారంలో రాయలేదు, దానికి అందులో గడి లేదు. మేడమ్‌కి చెప్పాలని రోజూ అనుకుంటూ వెళ్ళి, ఆవిడ ముందు నిలబడేసరికి ఫారాలు మాత్రం అందించి, రేపు చెబుదామని వచ్చేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం తెరలన్నీ మూసి ఉన్నాయి. మూల కుర్చీలో కూర్చుని, చప్పుడు గడిలో 'ప్రశాంతం' అని రాసి, పక్కన మంచి మార్కు వేశాను. నేను రాస్తుండగానే గ్లాసు చప్పుడైంది. మళ్ళీ అయింది. జవాబు లేదు. తర్వాత పెద్దమ్మ గొంతు, "ఓలప్పా, పలకవేటి?" అని. మరుక్షణం తెర కిందనుంచి కట్టుకట్టిన పాదం నేల మీదకి దిగింది. నేను లేచేలోపే ఆమె దాటి వెళ్ళి ఎదురు తెర లాగేసింది. మామ్మ చెమటతో తడిసి, కళ్ళు తేలేసి పడి ఉంది. షుగరు పడిపోయిందట. సిస్టరు పరుగున వచ్చి మందెక్కించింది, మామ్మ బతికింది. మూడో మంచానికీ ఎదురు మంచానికీ మధ్య కొత్తగా పరిచిన లేత రంగు నేల మీద మాత్రం ఎర్రటి అడుగులు మిగిలాయి.

మర్నాడు మా సమావేశంలో మేడమ్ కాగితాలు తిప్పుతూ, చప్పుడు బాగా తగ్గిందని సంతోషంగా చెబుతుంటే నేను లేచి నిలబడ్డాను. మాట్లాడడం చేతకాక డైరీ తెరిచి చదివాను. ముడుల గురించి, ఆకుపచ్చ తెర గురించి, గ్లాసుల గురించి, ప్రశాంతం అని నేను రాసిన నిమిషం గురించి. చదవడం అయ్యాక మేడమ్ చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టారు. తర్వాత అడిగారు.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

పదకొండు రోజులని చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే ఇన్నేళ్ళూ మోసేదాన్ని కాదేమో. ఆ సాయంత్రమే వెళ్ళి, బొమ్మల కాగితం లేకుండా, పెద్దమ్మ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. కట్టు కట్టేటప్పుడు, బట్టలు మార్చుకునేటప్పుడు మాత్రం మూసుకునేలా, లాగే తాడు రోగి చేతికే అందేలా తెరలు మార్పించారు. ఆ పదిహేను రోజుల లెక్క పూర్తిగా పక్కన పెట్టేసి, ఎందుకు పక్కన పెట్టారో నివేదికలో దాచకుండా రాశారు.

పెద్దమ్మ పుండు తిరగబెట్టి చిటికెన వేలు తీసేశారు. చూడడానికి వెళ్ళి మంచం పక్కన నిలబడితే, ఆమే నా చెయ్యి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఊరుకోయే, ఒక్క ఏలే కదా. తొమ్మిదేళ్ళతో సేపలమ్మకూడదని రాసుందేటి?" అని, ఇంక పనిలేదుగా అంటూ ఆ నీలం దారం నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు అమ్మ గదిలో చప్పుడే లేదు. ఆనాటి ఫారం ఉంటే అన్ని గడుల్లోనూ మంచి మార్కులే వేసేదాన్ని. పక్క గదిలో ఎవరున్నారే అని అమ్మ అడిగితే, రెండు రోజులుగా అక్కడే ఉన్న నేను చెప్పలేకపోయాను. వరండా పొడుగునా తలుపులన్నీ మూసే ఉన్నాయి. మేం కోరుకున్నవన్నీ నిజమయ్యాయి, ఇంత అందమైన గదిలో మనిషి నిశ్చింతగా నిద్రపోవచ్చు. పిలిస్తే పలికే మీట కూడా మంచానికే ఉంది. పిలవలేని మనిషి కోసం అవతల ఎవరో చెవి వొగ్గి ఉండడమన్నదే ఇంక ఏ గదిలోనూ లేదు.

దారం తీసి తలుపు పిడికి చుట్టి, రోగులు పట్టుకుని నడవడానికి గోడకి బిగించిన కడ్డీకి కట్టబోయాను. ఎన్నిసార్లు కట్టినా జారిపోయింది. పెద్దమ్మ ముడి విప్పడమే నేర్చుకున్నాను గానీ, ఎలా వేస్తారో ఒక్కసారైనా ఆమెని అడగలేదు. చివరికి కుర్చీ లాగి తలుపుకి అడ్డంగా వేసుకుని, వరండా వైపు చెవి పెట్టి నేనే కూర్చున్నాను.