చాట ముందు కూర్చుని మస్కట్ దాకా

కాళ్లు కదపకుండా కట్టుకున్న మొగుణ్ని సగానికి సగం కరగదీసి, ఆ కరిగిందంతా తన ఒంటికి చేర్చుకున్న ఆడదాన్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నా పేరు సరిత, మాది ఎల్లారెడ్డి. జరిగిన ఘోరం విన్నాక నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా వాడకట్టంతా నవ్వేసింది, మీరు కొత్తగా నవ్వితే నాకు తరిగేదేమీ లేదు. తరిగే ఒళ్లే అయితే ఈ కథే ఉండేది కాదు.

మా ఆయన సాయిలు మస్కట్‌లో నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. పొద్దంతా స్టీరింగు ముందు కూర్చోవడం, డ్యూటీ దిగాక రూములో గిన్నెడు అన్నం ముందు కూర్చోవడం. ఒకరోజు ఫోన్ చేసి ఎప్పుడూ లేనంత మెల్లగా మాట్లాడాడు.

"కంపెనీ డాక్టరు రక్తం చూసిండు. షుగరు గడప మీద నిలవడ్డదంట. బరువు తగ్గితే మర్లిపోతదంట. లేకుంటే లోపటికొచ్చి కూసుంటదంట. ఇగ జిందగీ అంత గోలీలే."

కూలికి బీడీలు చుడుతూ వింటున్నాను, చేతిలో సగం చుట్టిన బీడీ జారి చాటలో పడింది. మా మామకు షుగరుతోనే ముందు కాలు పోయింది, తర్వాత మనిషే పోయాడు. మా ఇంట్లో ఆ మాటను ఇప్పటికీ గొంతు తగ్గించి పలుకుతాం.

"నడువు మరి. డాక్టరు నడువుమనలేదా?"

"అన్నడు. డ్యూటీ అయినంక ఒక్కన్ని ఏడ నడువాలె? ఆ ఉబ్బకు, ఆ ఉసుకెల... మనసొస్తలేదే. ఎవరికోసం నడువాలె అనిపిస్తది."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. రెండూ కలిసి వచ్చినప్పుడు నా నోటి నుంచి ఎప్పుడూ ప్రతిజ్ఞే వస్తుంది.

"నాకోసం నడువు. నేను గూడ ఈడ నడుస్త. నువ్వక్కడ, నేనిక్కడ, జంటగ. నీ చెల్లె పెండ్లికి వస్తవు గదా, ఆనాటికి మన పెండ్లి బట్టలే ఇద్దరం తొడుగుదాం. నీకు నీ కోటు ప్యాంటు, నాకు నా పట్టు జాకెట్టు."

"పందెమా?"

"పందెమే."

అవతల నవ్వినట్టు వినిపించింది. ఆ నవ్వు కోసం ఆ పూట హిమాలయాలైనా ఎక్కుతానని ఒప్పుకునేదాన్ని. జాకెట్టు సంగతి తర్వాత కదా!

నెల తిరక్కుండా, మస్కట్‌లో తనతో పనిచేసే, సెలవు మీద వచ్చిన రఫీక్ భాయ్ చేత ఒక గడియారం పంపాడు. కామారెడ్డిలో ఆయన ఇంటికి పోయి తెచ్చుకున్నాను. చేతికి కట్టుకుంటే మనిషి ఎంత నడిచిందీ అదే లెక్కేస్తుంది. అలాంటిదే ఇంకోటి మా ఆయన చేతికి. నా లెక్క ఆయన ఫోన్లో, ఆయన లెక్క నా ఫోన్లో కనబడతాయి. పందెం పూర్తయ్యేదాకా ఒకరినొకరు చూసుకోవద్దని వీడియో కూడా బంద్ పెట్టుకున్నాం. ఇదంతా ఎంత ముచ్చటగా ఉందో, ఇందులోనే అంత ప్రమాదం ఉంది, గమనించండి.

"దాంట్ల రెండు లెక్కలుంటయి," అని ఫోన్లో పాఠం చెప్పాడు. "ఎంత నడిచినవో ఒకటి, ఎన్ని కేలరీలు కరిగినయో ఒకటి. కరిగినదానికంటె తక్కువ తినాలె. గంతే."

గంతే అన్నాడు గాని, ఎవరికి చెబుతున్నాడు? పెళ్లికి ముందు నుంచీ బీడీలు చుట్టినదానికి. నాకు తెలిసిన లెక్క ఒక్కటే, ఎంత చుడితే అంత కూలి. ఇన్ని కేలరీలు కరిగాయి అని గడియారం చూపిస్తే, ఇంత కూలి వచ్చిందని నాకు వినిపించింది. ఒళ్లొంచి సంపాదించుకున్న కూలిని నోట్లో వేసుకోకపోతే కష్టానికి విలువేముంది, మీరే చెప్పండి.

మొదట్లో నిజంగానే నడిచాను, అబద్ధమాడను. తెల్లారగట్ల లేచి బాన్సువాడ రోడ్డు పట్టుకుని, చెంగు నడుముకు దోపి, కుక్కలు వెంటపడితే పరుగు కూడా తీశాను. ఒకనాడు పెద్ద వాన పడింది. గడప దాటలేదు. పొద్దంతా మా అత్తమ్మా నేనూ ఎదురెదురుగా చాటలు పెట్టుకుని బీడీలు చుట్టాం. సాయంత్రం ఊరికే గడియారం చూస్తే, రోజూ కంటే ఎక్కువ నడిచానని చూపిస్తోంది!

నేను చదువుకున్నదాన్ని, ఇంటర్ దాకా. ఆలోచించాను. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి పెరట్లోకి ఆడది తిరిగే తిరుగుడు ఎవరైనా ఏనాడైనా లెక్కబెట్టారా? ఇన్నాళ్లకు ఒక గడియారం లెక్కబెట్టింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనయింది. ఇంటి పనే ఇంత నడకైనప్పుడు మళ్లీ రోడ్డు మీద నడవడం దండగ కదా. మర్నాటి నుంచి బాన్సువాడ రోడ్డూ, దాని కుక్కలూ నా మొహం చూడలేదు.

అక్కడి నుంచి మొదలైంది నా వైభోగం. గడియారం లెక్క పెరిగిన కొద్దీ నాకు ఆకలి పెరిగింది. పొద్దున సర్వపిండి, మధ్యాహ్నం అన్నం మామూలుగా, నాలుగింటికి మక్క గారెలు, వాటిమీద బెల్లం చాయ్. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ఆశ్చర్యమే.

"ఇంతగనం నడిచినవా? నువ్వు మనిషివా, కామారెడ్డి బస్సువా?"

"నీకంటె ఎనకవడుతనా?" అనేదాన్ని, నోట్లో గారె అటువైపు దవడకు నెట్టి.

"బీడీలు చుట్టవడితివి, వంట చెయ్యవడితివి, మల్ల ఇంత నడుస్తున్నవ్. నాకే సిగ్గనిపిస్తుంది."

"గిట్లనే నడుచుకుంట నడుచుకుంట మస్కట్ దాకొస్త చూడు."

"రా. నేను గూడ ఎదురొస్త," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన లెక్క కూడా పెరగడం మొదలైంది. ఒకనాడు ఆయన పైన, ఒకనాడు నేను పైన. ఆయన నన్ను దాటిన రోజు నాకు పౌరుషం వచ్చి ఇంకో నాలుగు కట్టలు ఎక్కువ చుట్టేదాన్ని. ఎందుకో మరి, ఆ రోజు నా నడక కూడా పెరిగేది. అప్పుడైనా అనుమానం రావద్దా? మెదడుకు కూడా కొవ్వు పడుతుందేమో, డాక్టర్లే చెప్పాలి.

"ఏందే పిల్లా," అంది ఒకరోజు అత్తమ్మ. "గడియారం కట్టినకాడికెళ్లి పొయ్యి మీది పాల తీరు పొంగుతున్నవ్?"

"నీరు పట్టిందత్తమ్మా. తగ్గేముందు నీరు పడతదంట."

"ఏమో బిడ్డా. కోడలు ఒళ్లు చేస్తే అత్తకే పేరు, నాకేంది," అని ఆవిడ బీడీల్లో పడింది.

ఒకసారి పెళ్లినాటి జాకెట్టు తీసి తొడిగి చూశాను. మోచేయి దాటి రానంది. ఆడలేక మద్దెల ఓడన్నారు, నేను తొడగలేక ట్రంకు పెట్టె ఓడన్నాను. ఇన్నేళ్లు పెట్టెలో ఉండి పట్టు ముడుచుకుపోయిందని తీర్మానించి, దాన్ని జాగ్రత్తగా మడతపెట్టి, మనసు బాగోలేక రెండు గారెలు తిన్నాను.

ఆయన వచ్చే రోజు వచ్చింది. హైదరాబాద్‌లో దిగి రైల్లో కామారెడ్డికి వస్తానన్నాడు. నేను ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కి, డబ్బా నిండా గారెలతో ముందే స్టేషన్‌కి చేరాను. డబ్బా అంటే, బయలుదేరినప్పుడు నిండా అన్నమాట. రైలు ఆగింది. జనం దిగుతున్నారు. సరిగ్గా బోగీ తలుపు ముందు ఒక బక్కపలచటి మనిషి, వీపు ఇటు తిప్పి, సూట్‌కేసు లాగుతూ దారికి అడ్డం నిలబడ్డాడు.

"అన్నా, జర జరుగు! మా ఆయన దిగుతుండు."

"ఎట్లుంటడు మీ ఆయన?" అన్నాడు, తిరగకుండానే.

"మంచిగ నిండుగ ఉంటడు. నీ అసొంటోళ్లు ఇద్దరు కలిస్తె గాని ఒక్కడు గాడు. జరుగన్నా!"

ఆ అన్న ఇటు తిరిగాడు. నా చేతిలోని డబ్బా కింద పడింది.

"తాళి కట్టినోన్ని పట్టుకొని అన్న అంటవానే?"

బుగ్గలు లోపలికి పోయాయి. చొక్కా హ్యాంగర్‌కి వేలాడినట్టుంది. కళ్లు మాత్రం ఆయనవే, ఆ నవ్వూ ఆయనదే. నేను ఆయన్ని చూస్తుంటే ఆయన నన్ను చూస్తున్నాడు, తల నుంచి కాళ్ల దాకా, మళ్లీ కాళ్ల నుంచి తల దాకా. మధ్యలో కొంచెం ఎక్కువసేపు ఆగాడు.

"నువ్వు... సరితవేనా? లేకుంటె సరితతోని ఇంకెవలన్న వచ్చిండ్రా?"

బస్సెక్కాం. ఇద్దరు కూర్చునే సీటు, మేం కూర్చున్నాక కూడా ఇద్దరి సీటులాగే ఉంది. ఆయన తగ్గింది నేను నింపాను మరి.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ వాకిట్లోనే ఉంది. కొడుకును చూసి ఎదురొచ్చింది. భుజాలు తడిమింది, చేతులు పట్టుకుని చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. ఆ చూపు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

"ఓ పిల్లా! నా కొడుకు కూడు గూడ నువ్వే తిన్నవానే!"

వాడకట్టు మొత్తం గోడల మీదుగా తొంగి చూసింది.

సాయంత్రం నేను ఏమీ జరగనట్టు చాట ముందు కూర్చున్నాను. ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం తిప్పుతున్నాను. ఆయన వచ్చి పక్కన చతికిలబడి నా చేతి వంక చూస్తున్నాడు. చాలా రోజులకు మొగుడు చెయ్యి చూస్తున్నాడని నేను కొంచెం సిగ్గుపడ్డాను కూడా. ఆయన చూస్తున్నది గడియారాన్ని.

"నువ్వు కూసున్నవు గదా?"

"కూసున్న."

"మరి ఇది నడుస్తుందేంది?"

"అంటే?"

"చుట్టుడాపు."

ఆపాను. లెక్క ఆగింది.

"ఇప్పుడు చుట్టు."

చుట్టాను. దారం తిప్పినప్పుడల్లా మణికట్టు తిరుగుతోంది, ఒళ్లు ముందుకూ వెనక్కూ ఊగుతోంది, గడియారం ఒక్కో అడుగూ వేసుకుంటూ పోతోంది. నేను చాట ముందు కదలకుండా కూర్చుని, నా కళ్లముందే, నడుస్తున్నాను!

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలు అన్నారు. కొండలు కరుగుతాయేమో గాని నడుము కరగదు. ఈ సంగతి ఆ పెద్దలు చెప్పలేదు.

అప్పుడు నాకు తప్పు తెలిసొచ్చింది. నా ఒళ్లు గురించి కాదు. పరాయి దేశంలో, పొద్దంతా బండి నడిపిన మనిషి, ఆ ఉక్కపోతలో, ఇసుకలో నా చేతి ఊపు వెంటపడి నడిచాడు. నేను తోడున్నాననుకున్నాడు. నేనేమో గారెలు తింటున్నాను. సిగ్గుతో తల చాటలో పెట్టుకోవాలనిపించింది.

"తిట్టు," అన్నాను. "నాకు తెల్వదయ్యా. నిజంగ నడుస్తున్ననే అనుకున్న."

"కొన్ని దినాలు కాళ్లు లేవకపోయేటివి," అన్నాడు మెల్లగా. "మంచం మీద ఒరిగి ఫోన్ల నీ లెక్క చూసేటోన్ని. అది ఇంట్ల ఇన్ని పనులు చేసుకుంట ఇంత నడిచిందంటె, నాకేం రోగం అని లేసి మల్ల చెప్పులేసుకునేటోన్ని."

"చాల్ చాల్. ఇంకా చెప్పకు."

"ఆగు, ఇను. వచ్చేముందు డాక్టరు మల్ల రక్తం చూసిండు. నీకు ఎదురుంగ చెప్పాలని ఫోన్ల చెప్పలె. షుగరు గడప దిగి పోయిందంట. గోలీలు అక్కర్లేదన్నడు."

చాట పక్కకు నెట్టేసి, ఆయన భుజం మీద మొహం పెట్టి గట్టిగా ఏడ్చాను. ఆ భుజం ఎముక గుచ్చుకుంటోంది, అయినా లేవలేదు. అత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, చాలాసేపు మా మామ ఫోటో వైపు చూసింది. ఆ తర్వాతే మా ఆయనకు నవ్వు మొదలైంది. పడీ పడీ నవ్వాడు. తంబాకు ఎగిరి ముగ్గురికీ తుమ్ములొచ్చేదాకా నవ్వాడు.

మా ఆడబిడ్డ పెళ్లికి రెండ్రోజుల ముందు బట్టలు పట్టుకుని కామారెడ్డిలో దర్జీ దగ్గరికి పోయాం. ఆయన ప్యాంటు నడుము జారిపోతోంది, నా జాకెట్టు మోచేతి దగ్గరే ధర్నాకు కూర్చుంది. దర్జీ పెద్దాయన కళ్లద్దాలు పైకి జరిపి ఇద్దర్నీ చూశాడు.

"సార్‌ది ఎంత కోస్తమో గంత మీకు ఏసుడే అమ్మా. కాకుంటె రంగు కలువదు, గదొక్కటే తిప్పలు."

చివరికి పందెం ఇద్దరం ఓడిపోయాం. పెళ్లిలో నేను కొత్త జాకెట్టు తొడిగాను. ఆయన పాత ప్యాంటే తొడిగాడు గాని, దర్జీ కుట్లు చాలక, దాన్ని లోపల నాలుగు చుట్లు బీడీ దారంతో అత్తమ్మే కట్టింది.

ఆయన మళ్లీ మస్కట్ పోయాడు. పోతూ పోతూ నా చేతి గడియారం విప్పేశాడు.

"మరి నేను నడుస్తున్ననని నీకెట్ల తెలుస్తది?"

"నడుచుకుంట ఫోన్ చెయ్యి. నీ రొప్పు ఇనవడితే నాకు నమ్మకం."

ఇప్పుడు రోజూ పొద్దున బాన్సువాడ రోడ్డు మీద చెవికి ఫోన్ పెట్టుకుని రొప్పుకుంటూ పోయేది నేనే. అవతల ఆయనా నడుస్తూనే ఉంటాడు. మాటలు తక్కువ, ఊపిరే ఎక్కువ. పాత కుక్కలు కూడా మళ్లీ పలకరించాయి. గడియారం మాత్రం అత్తమ్మ తీసేసుకుంది. "నాకు మోకాళ్లు నొస్తయి, నాకు గిదే నడక," అని చేతికి కట్టుకుని చాట ముందు కూర్చుంటుంది. ఆవిడ చుట్టే వేగం చూస్తే వచ్చే ఏకాదశికల్లా కాశీ చేరేటట్టుంది.

అందుకే, మా అత్తమ్మ చాట మీద చెయ్యి పెట్టి, ఎల్లారెడ్డి, కామారెడ్డి ప్రజలందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: నా కాళ్లు నడవని నడకకు నా నోరు ఇంకెన్నడూ కూలి వసూలు చేయదు. మస్కట్‌లో ఉన్న ఆ చెవికి ముందు నా రొప్పు వినబడాలి. గారె ఆ తర్వాతే.