పందిరి కింద అరిగిన ఇంజన్

కరోనా గొడవ సద్దుమణిగిన మరుసటేడు నన్ను మేడ్చల్లోని ఒక ట్రాక్టర్ డీలరు వర్క్‌షాపుకు సర్వీస్ మేనేజరుగా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. సర్వీస్ మేనేజరంటే చేతికి గ్రీజు అంటని ఉద్యోగమని మా బంధువుల్లో చాలామందికి అపోహ. విప్పిన ఇంజన్ బాగుచేస్తే సరిపోతుందా, మొత్తంగా మార్చాలా అన్నది తేల్చేది ఆయనే. తేల్చింది తప్పయితే తిట్లు తినేదీ ఆయనే.

ఆ అక్టోబరులో లాల్‌గడి మలక్‌పేట్ నుంచి అనసూయమ్మ అనే రైతు తన చిన్న ట్రాక్టరును వ్యానులో ఎక్కించుకొని వచ్చింది. ద్రాక్ష వరుసల మధ్య దూరడానికి వీలుగా తయారుచేసే ఇరుకు బండి అది. నీలం పొగ కక్కుతోంది, ఆయిలు తాగుతోంది, మందు కొట్టే పంపును తిప్పలేక ఆగిపోతోంది. మా వైపు దీన్ని ఇంజన్ బోరుకొచ్చింది అంటారు. సిలిండర్లు అరిగి పిస్టన్లకు పట్టు పోయిందన్నమాట.

ఆమెతోపాటు మరిది నర్సిరెడ్డి వచ్చాడు. షామీర్‌పేట చుట్టుపక్కల పొలాలు కొని ఇళ్ళ ప్లాట్ల లేఅవుట్లు వేసే మనిషి. ఆమె లోపలికి వెళ్ళి బండి దగ్గర నిలబడగానే నన్ను పక్కకు పిలిచాడు. "సార్, గిది ఇగ పనికి రాదని ఒక్క మాట జెప్పుండ్రి. మా వదినె మీ మాటైతే ఇంటది" అన్నాడు. సంగతేమిటో దాచలేదు కూడా. భర్త పోయాక తోట ఆమే చూసుకుంటోంది. ఈ పంట చేతికి రాకపోతే భూమిని లేఅవుటుకు ఇచ్చేస్తానని ఇంట్లో అందరి ముందూ మాటిచ్చింది. కొమ్మ కత్తిరింపు అయిపోయి కొత్త చిగుళ్ళు వస్తున్న సమయమది. ఒక్క వాన పడితే చాలు, మర్నాడు పొద్దున్నే మందు కొట్టకపోతే బూజు తెగులు తోటంతా పాకుతుంది. ట్రాక్టరు లేకపోతే అంత తోటకు ఆ పని సకాలంలో కాదు. నా నోటి మాటతో ఒకరి భూమి అమ్ముడుపోయేలా ఉందని అర్థమై ఒళ్ళు మండింది. వర్క్‌షాపులో అరవడం పద్ధతి కాదు కనుక బండి దగ్గరికి నడిచాను.

సిలిండరూ, పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంకు షాఫ్టూ రెండూ హద్దు దాటి అరిగితే కొత్త ఇంజన్ వేయమని చెప్పాలి. ఒకటే అరిగితే బాగుచేయవచ్చు. ఇది మా నియమం. మా డీలరుకు మాత్రం ఏది అరిగినా కొత్తదే ఇష్టం. కొత్త ఇంజన్ డిపో నుంచి రావడానికి వారాలు పడుతుంది, ఈలోగా పంట పోతుంది. బాగుచేయడమైతే కుత్బుల్లాపూర్లోని లేతు షాపులో అరిగిన సిలిండర్లను తొలిపించి, అంటే బోరు చేయించి, కొత్త పిస్టన్లు వేసి వారం తిరక్కుండా ఇచ్చేయవచ్చు. కానీ బాగుచేసిన ఇంజన్ సీజను మధ్యలో మళ్ళీ కూర్చుంటే ఆమె ఇచ్చిన మాట ప్రకారం భూమి పోతుంది.

ఇంజన్ విప్పించి కొలతలు నేనే తీశాను. క్రాంకు షాఫ్టు నున్నగా, అద్దంలా ఉంది. సిలిండర్లు కింది భాగంలో దాదాపు కొత్తవి. పై భాగంలో మాత్రం గోరు పట్టేంత గాడి పడింది. పనికి అరిగిన ఇంజన్ అన్నిచోట్లా అరుగుతుంది. ఇలా పైనే అరిగిందంటే గాలితోపాటు మట్టి మింగుతోందని అర్థం. గాలి వెళ్ళే గొట్టంలో వేలు పెట్టి చూస్తే ఇసుక గరగరలాడింది.

అప్పుడు గొట్టం మొదలుకేసి చూశాను. బానెట్ పైకి నిలువుగా ఉండాల్సిన గొట్టాన్ని ఎవరో కోసి, వంచి, ముందు చక్రం పక్కకు దించారు. చక్రం లేపే దుమ్మంతా తిన్నగా దాని నోట్లోకే. ఆ దుమ్ముకు ఫిల్టరు ఒక్క పూటలో నిండిపోతుంది. డ్రైవర్లు దాన్ని టైరుకేసి బాది దులుపుతారు, లోపలి వడపోత కాగితం చిరుగుతుంది. ఇక మట్టికి అడ్డేముంది?

ఇది ఎవరు చేశారమ్మా అని అడిగాను. ఆమె ముఖం వెలిగింది. "మా ఆయనే సార్. పైపు పందిరి ఇనుప తీగలకు తగిలి గుత్తులు రాల్తుండె. సొంతంగ కోసి కిందికి వెట్టిండు. గప్పటి సంది ఒక్క గుత్తి రాలలే. ఊర్లందరు సూసిపోయిండ్రు" అంది.

 ఇంజన్ బాగుచేసి, గొట్టం సంగతి చెప్పకుండా పంపేస్తే ఆవిడ సంతోషంగా వెళ్తుంది. సంక్రాంతి లోపే మళ్ళీ నీలం పొగ. కొత్త ఇంజన్ వేసినా అంతే. గాడి పడ్డ సిలిండరును ఆమె వేలితో తడిమించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"అంటే మా ఆయన జేసిందే దీన్ని తినేసిందంటవా సార్?"

అవునమ్మా అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు చాలా కష్టమైంది. నర్సిరెడ్డి అందుకొని, గొట్టం పైకెత్తితే పందిరి తగుల్తది, దించితే ఇంజన్ పోతది, ఇంకెందుకీ పరేషాన్ అన్నాడు. మాట న్యాయమే. 

ఆమె కొంగుతో వేలి మసి తుడుచుకుంది. తర్వాత మరిది వైపు చూడకుండా నాతోనే అంది. "పైపు మీదికి వెట్టుండ్రి సార్. వరుస నడుమ తీగలు నేను తీపిస్త. ఆడ కాసే గుత్తులు పోతే పోనియ్యి. ఆయన ఉంటే ఆయన్నే తీయమంటుంటి."

ఇంజన్ బాగుచేశాం. గొట్టం కంపెనీ వాళ్ళు పెట్టిన చోటికే వెళ్ళింది. బండి వచ్చేదాకా ఆమె కూలీలను ఎక్కువ పెట్టి చేతి పంపులతో మందు కొట్టించింది. నడుమ తీగలు తీయించిన మేర కాపు తగ్గింది, మిగతా పంట నిలిచింది. నేను రిటైరయ్యే నాటికి ఆ ఇంజన్ మళ్ళీ మా దగ్గరికి రాలేదు, ఆ భూమిలో లేఅవుటు హద్దురాళ్ళూ పడలేదు.

బాగుచేయాలా, మార్చాలా అన్నది రెండో ప్రశ్న. ఎందుకు అరిగిందన్నది మొదటిది. దానికి జవాబు దొరికాక, వినేవాళ్ళకు ఎంత కష్టమైనా చెప్పి తీరాలి. గొట్టం మేము సరిచేయగలం. పందిరి తీగ విప్పాల్సింది మాత్రం ఆ తోట మనిషే.