చీపురు తగిలిన రాయి

నా చిన్నప్పుడు మేం అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. పక్కింటి ఆంటీ స్కాట్లాండ్ నుంచి వచ్చినావిడ. కర్లింగ్‌లో మూడుసార్లు ఆ దేశపు మహిళల ఛాంపియన్. మంచు మీద బరువైన రాయిని వలయం మధ్యకు జార్చడం, దాని ముందు ఇద్దరు చీపుళ్ళతో మంచును తోముతూ పరిగెత్తడం, అదీ ఆట. తోమితే రాయి ఇంకాస్త దూరం పోతుంది.

శనివారాలు ఆవిడ పిల్లలకు నేర్పేది. మా జట్టు కెప్టెన్ ఒక డెంటిస్టుగారి అమ్మాయి. చివరి రాయి ఎప్పుడూ తనదే. నేనడిగితే, "ముందు కప్పు గెలవనీ, వచ్చే ఏడు నువ్వే వేద్దువుగాని" అని అందరి ముందూ నవ్వింది. ఆ రోజు తన చేతికి ఆకుపచ్చ గ్లవుజులున్నాయి. అదీ గుర్తుంది నాకు.

ఫైనల్లో ఆమె వేసిన చివరి రాయి సరిగ్గా నడిమధ్యన ఆగింది. మావాళ్ళు ఎగిరి గంతేశారు. కానీ దారిలో నా చీపురు అంచు దానికి తగిలింది. ఎవరూ చూడలేదు. ఈ ఆటలో తగిలినవాళ్ళే చెప్పాలి. చెబితే ఎదుటి జట్టు ఆ రాయిని తీసేయించవచ్చు. ముందు వారం ఎవరో అలాగే తగిలించి ఊరుకున్నారని ఇంట్లో రోజూ సణిగినదాన్ని నేనే. చెయ్యెత్తాను. రాయి తీసేశారు. ఓడిపోయాం.

ఆట అయ్యాక గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఆనవాయితీ. ఆంటీ నన్ను కూడా కూర్చోమంది, అంతే. ఒక్క మంచి మాట కోసం కాచుకున్నాను. రాలేదు. కార్‌లో మా అమ్మ, "ఎవరూ చూళ్ళేదు కదే, నీకెందుకొచ్చిన గొడవ?" అంది.

మర్నాడు ఫిర్యాదు మోసుకుని ఆంటీ ఇంటికి వెళ్ళాను. వంటింటి గోడకు ఆవిడ గెలిచిన జట్ల ఫోటోలు మూడున్నాయి. సొరుగులోంచి నాలుగోది తీసి చూపించింది, ఓడిన జట్టుది. ఆ ఫైనల్లో తన చీపురే రాయికి తగిలిందట. తనే చెప్పిందట, ఓడిపోయారట. ఆ తర్వాత భర్త ఉద్యోగం కోసం ఇటు వచ్చేసింది. మళ్ళీ ఆ పోటీకి వెళ్ళనేలేదు.

"మరి మిమ్మల్నెవరైనా మెచ్చుకున్నారా?" అన్నాను.

"తగిలింది, చెప్పాను. దానికి మెప్పెందుకు?" అని టీ కప్పు నా ముందు పెట్టింది.

ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. మరుసటి ఏడు చివరి రాయి కూడా నాకివ్వలేదు. అయినా తర్వాత ల్యాబ్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, నా పొరపాటు ఎవరి కంటా పడనప్పుడు, అడక్కముందే చెయ్యెత్తాను. ఎత్తాక ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చుట్టూ చూడటం మాత్రం ఇంకా మానలేదు.