లిస్బన్ కొండ మీద ఉప్పు చేప

మా రాజోలు వైపు ఎత్తంటే ఏటిగట్టు. అంతకన్నా ఎత్తంటే చించినాడ వంతెన. ఆ వంతెన మీద బస్సు గేరు మార్చిందంటే మాకు కొండెక్కినట్టే. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఈసారి ఎక్కడికైనా దూరం పోదామని మావారు అనగానే, కొండల మీద కట్టిన లిస్బన్ పేరు చెప్పాను. ఆయన కాసేపు ఫోన్లో వెతికి, "తిండి బాగుంటుందంట" అన్నారు. ఏ ఊరినైనా ఆయన ముందు కడుపుతో చూస్తారు. అలా మా ఇద్దరికీ కుదిరింది.

కుదరనిది అమ్మతోనే. నాన్న పోయినప్పటి నుంచి ఆవిడ మా దగ్గరే ఉంటోంది. చర్చిలో కొండల పాటలు అందరికన్నా గొంతెత్తి పాడుతుంది కానీ, జీవితంలో ఒక్క కొండనైనా దగ్గరగా చూడలేదు. ఆవిడ రాకపోతే నాకీ ప్రయాణమే వద్దనిపించింది. అడిగిన ప్రతిసారీ, "మోకాళ్ళమ్మా. మీరెళ్ళి రండి" అనేది. ఆ మోకాళ్ళతోనే ప్రతి ఆదివారం చర్చి నుంచి నడుచుకుంటూ, దారిలో నలుగురినీ పలకరించి మరీ వస్తుంది. మోకాళ్ళు వంకేనని నాకు తెలుసు. దేనికి వంకో తెలియలేదు.

ఒక ఆదివారం ముసురు పట్టింది. చర్చి నుంచి వచ్చి, పప్పుచారు పొయ్యి మీద పెట్టి, ముగ్గురం హాల్లో కూర్చున్నాం. మావారు ఫోన్లోని మ్యాపు టీవీలో కనబడేలా పెట్టి, లిస్బన్‌లో ఒక వీధి తెరిచారు. నిజంగా నడుస్తున్నట్టే ముందుకు తీసుకెళ్తున్నారు.

వీధి మా ఎదుట నిలువునా లేచింది. ఒక ఇంటి గుమ్మం పక్కింటి కప్పు ఎత్తులో ఉంది. ఆ ఇంటి మెట్ల మీద ఎవరిదో పిల్లి. గోడల సందులోంచి పసుపు రంగు ట్రాము ఒకటి పైకి పోతోంది. అది వెనక్కి జారకుండా ఎలా నిలబడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మలుపు తిరిగేసరికి, ఇళ్ళ మధ్య నుంచి కింద ఎక్కడో నది! సముద్రంలో కలిసే ముందు మా గోదావరి ఎంత వెడల్పో అంత వెడల్పుంది. మనుషులు ఇంత ఎత్తున ఇళ్ళు కట్టుకుని, రోజూ ఆ కిటికీల్లోంచి నీళ్ళు చూస్తూ కాఫీ తాగుతారా అనిపించింది. పక్కకు చూస్తే అమ్మ తనకు తెలియకుండానే చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుంది. సోఫాలో కూర్చునే కొండెక్కుతోంది.

ఉన్నట్టుండి, "ఆగండి బాబూ, ఆగండి! ఆ కొట్లో అవేంటండి?" అంది.

మావారు ఆపి, బొమ్మ పెద్దది చేశారు. చీల్చి ఆరబెట్టిన పెద్ద పెద్ద చేపలు, చెక్కల్లా బిగుసుకుపోయి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

"ఉప్పు చేపేనండి అత్తయ్యగారూ. ఆ ఊళ్ళో అదే గొప్ప వంటకమంటండి. పెద్ద పెద్ద హోటళ్ళలో కూడా పెడతారంట."

"ఉప్పు చేపా? హోటల్లోనా?"

"ఆయ్. క్రిస్మస్ ముందు రోజు రాత్రి చాలా ఇళ్ళల్లో అదేనంటండి. బంగాళాదుంపలు, క్యాబేజీతో ఉడకబెట్టుకుంటారంట."

అమ్మ ఆ బొమ్మ మీంచి చూపు తిప్పలేదు. ఎందుకో నాకు తెలుసు. అమ్మ పుట్టింటివాళ్ళు పొలం కూలీలు. గంజన్నంలోకి వాళ్ళకు ఉప్పు చేపే కూర. నాన్న హెడ్మాస్టరయ్యాక అది మా ఇంట్లోంచి పోలేదు కానీ పెరట్లోకి పోయింది. పెద్దమనుషులు వచ్చే ఇల్లు, వాసన వీధిలోకి పోకూడదనేవారు నాన్న. అమ్మ నూతి వెనక కొబ్బరి డొక్కల మంట మీద కాల్చుకుని, అందరి భోజనాలూ అయ్యాక పెరటి మెట్ల మీద కూర్చుని తినేది. తిన్నాక నిమ్మతొక్కతో చేతులు రుద్దుకునేది. నాన్న చెడ్డవారు కారు. తన తండ్రిని గుమ్మం బయట నిలబెట్టిన ఊళ్ళో, అందరూ తన గుమ్మం తొక్కాలని కోరుకున్నారు. అయినా ఆ నిమ్మతొక్క గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

"బల్ల మీదే పెడతారా అండి?" అంది అమ్మ.

"తెల్ల గుడ్డ పరిచి మరీ పెడతారండి."

"అందరూ చూస్తుండగానే?"

"అందరూ అదే తింటారు కదండీ."

అప్పుడు చెప్పింది నాతో. "మోకాళ్ళకేం లేదమ్మా. అంత గొప్ప ఊళ్ళో, ఆ బల్లల దగ్గర కూర్చుని తినడం నాకేం తెలుసు? నలుగురిలో మీ పరువు తీసేస్తానేమోనని భయమేసింది." ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మావారు వేసవికైతే టికెట్లు చూస్తానన్నారు.

"వేసవికొద్దు బాబూ. ఆ పండక్కి వెళ్దాం" అంది అమ్మ.

"డిసెంబర్లో అక్కడ వానలండి. రాళ్ళ వీధులు, జారతాయి."

"మెల్లిగా ఎక్కుతాను లెండి."

లేచి వంటింట్లోకి వెళ్ళింది. పెరటి వసారాలోంచి డబ్బా తెచ్చి మూత తీసిన చప్పుడు వినిపించింది. కాసేపటికి గ్యాసు పొయ్యి మీద ఉప్పు చేప కాలుతున్న వాసన హాలంతా నిండింది. వాన తెరిపిచ్చినట్టుంది, చర్చిలో ఆగిపోయినవాళ్ళు గొడుగులు మూసుకుని మా వీధిలోంచే వెళ్తున్నారు. చిన్నప్పటి అలవాటు, నేను లేచి వీధి తలుపు వెయ్యబోయాను.

"తీసే ఉంచమ్మా" అంది అమ్మ వంటింట్లోంచి.