అల్లుడి పరుపు కొండెక్కిన వైనం

ఆ రోజుల్లో మా చీపురుపల్లిలో బీయెస్సీ చదివిన ఆడపిల్ల అంటే, వాన ఎప్పుడొస్తుందో కూడా అడిగి తెలుసుకోవలసిన మనిషి. నిజంగానే అడిగేవారు. నేను చెప్పేదాన్ని కూడా. రాకపోతే అది వాన తప్పు. అరవైల చివర్లో, ఇరవై రెండేళ్ళ వయసులో, నాకు తెలియనిది ఈ భూమ్మీద ఒకటుందని ఎవరైనా అంటే, వాళ్ళని సాయంత్రం దాకా కూచోబెట్టి వాదించి, అలాంటిది అసలు లేనే లేదని ఒప్పించి మరీ పంపేదాన్ని. ఇప్పుడు ఆ పిల్ల కనబడితే రెండు తగిలించాలనిపిస్తుంది. (తగిలించలేను. తిరిగి వాదిస్తుంది.)

ఆ నోటికే ఉద్యోగం వచ్చిందని కొట్లో కూచుని మా నాన్న అందరికీ చెప్పేవారు. ఊరికే మాట్లాడే మనిషికి జీతమిచ్చి మాట్లాడమన్నారు మరి. ఆరోగ్యం గురించి ఊరూరా బొమ్మలు వేసి చూపించే ప్రచారం వ్యాను ఒకటుండేది. బూడిదరంగు రేకు డబ్బా. దాన్ని సంతల్లో నిలిపి, పగలు పోస్టర్లు అంటించి, పొద్దుగూకాక తెల్లగుడ్డ కట్టి బొమ్మ వేసి, నీళ్ళు కాచుకు తాగండి, ఇంట్లోకి గాలీ వెలుతురూ రానివ్వండి అని మైకులో చెప్పాలి. ఎండున్నా లేకపోయినా నెత్తిమీది టోపీ తియ్యని మా ఆఫీసరు, (టోపీ దొర అనేవాళ్ళం, వినబడకుండా) నన్ను పిలిచి, "పుష్యమాసం, సాలూరు పైన కొండలు. నాలుగు రాత్రులు వ్యాన్లోనే పడక. ఉండగలిగితే వ్యాను ఉద్యోగం నీది. మధ్యలో దిగొచ్చేవో, ఆఫీసులో టపా రిజిస్టరు నీది" అన్నారు. వెనక నించున్న హెడ్ గుమాస్తా నా మీద తెగ జాలిపడ్డాడు. ఆయన బావమరిది నా ఉద్యోగం కోసం ఆర్నెల్లుగా ఆ వరండాలోనే కూచునుండేవాడు. అతనికి మైకు ముందు నోరు పెగలదన్న మాటే గాని, మిగతా అర్హత అంతా బావగారి రూపంలో పక్కనే ఉంది.

కాబట్టి నాకు కావలసింది నాలుగు రాత్రుల నిద్ర. మా ఇంట్లో మెత్తటి పరుపు ఒక్కటే ఉండేది. అక్క పెళ్ళికి కుట్టించినది, నీలం చారల గుడ్డ, నిండా కొత్త దూది. దానిమీద పడుకునే హక్కు లోకంలో మా బావ ఒక్కడికే ఉంది. ఆయన వస్తే అది అటక దిగేది, ఆయన వెళ్తే అటకెక్కేది. మిగతా రోజులన్నీ మేం చాపలమీద పడుకుని కిందనుంచి దాన్ని గౌరవించేవాళ్ళం. నేను నిచ్చెన వెయ్యడం చూసి మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఒసే, అది అల్లుడి పరుపే. నువ్వు ముట్టుకుంటావేటి?"

"పరుపు లేకపోతే బావకి ఉద్యోగం పోదు. నాకు పోతుంది."

"అమ్మమ్మ చీరల్తో కుట్టిన బొంతుంది కదే. అది అట్టుకెళ్ళు. నీ నోటికన్నా వెచ్చగుంటాది."

"బొంత చంకనెట్టుకుని వెళ్తే నన్ను గ్రాడ్యుయేటంటారా, సంతలో ఉల్లిపాయలమ్మే మనిషంటారా?"

"ఉల్లిపాయలమ్మే మనిషికి పెద్దలంటే భయముంటాది" అంది మా అమ్మ. చివరికి మా నాన్న, "పట్టుకెళ్ళనీవే, నాలుగు రోజులు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది" అని తీర్పు చెప్పేరు. మిలటరీలో చేసొచ్చిన మా బాబాయి దగ్గర ఉన్ని రగ్గు కూడా లాక్కుని, కొత్త పెళ్ళికొడుకులా వ్యానెక్కేను.

వ్యాన్లో నాకు తోడు ఆయా. అందరం అప్ప అనేవాళ్ళం. పాతపట్నం వైపు మనిషి, అరవైకి దగ్గర పడింది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది. ఆమె పక్క సామానంతా రెండు గోనెసంచులు, ఒక బొంత. సాలూరు దగ్గర వ్యాను ఆపించి, ఎవరిదో కుప్పలోంచి అడిగి, సంచుల్లోకి ఎండు వరిగడ్డి కుక్కింది.

"సలి కిందనుండి వస్తాది అమ్మాయిగోరూ. అడుగున ఎచ్చగుంటే పైనేటున్నా పర్లేదు. మీరూ ఓ గోనె నింపుకోండి."

"చలి ఎక్కణ్ణుంచీ రాదు అప్పా. మన వేడి వెళ్ళిపోవడమే చలి."

"ఎల్లిపోతే ఎటెల్తాది? కిందకే కదా."

ఇది బీయెస్సీ పరీక్షలో రాని ప్రశ్న. అందుకని మరింత గట్టిగా మాట్లాడేను.

మొదటి రాత్రి బొమ్మ అయిపోయింది, డ్రైవరు టీ పాకలోకి వెళ్ళి పడుకున్నాడు. కొండ చలి రేకులోంచి లోపలికి చేతులు పెట్టినట్టుంది. నేను శాస్త్రాన్ని పనిలోకి దింపేను. కిటికీల సందులన్నిటికీ మైదా జిగురు రాసి, చేతికందిన పోస్టర్లు అంటించేసేను. 'ఇంట్లోకి గాలీ వెలుతురూ రానివ్వండి' అన్న పోస్టర్లే ఎక్కువ మిగిలేయి, అవే అంటించేను. తర్వాత, జనానికి చూపించడానికి కాచిన పెద్ద డేక్సా నీళ్ళని, మూత తీసి, సలసలా పొగలు కక్కుతుండగా వ్యాను మధ్యలో పెట్టించేను, లోపలంతా వెచ్చబడుతుందని.

"ఓ కిటికీ జానెడు ఒగ్గీయండి. ఈ ఆవిరంతా ఎటెల్తాది?"

"ఎటూ వెళ్ళకూడదనే కదా నా బాధ."

అప్ప ఒక గోనెలోని గడ్డి రెండోదాంట్లోకి దులిపేసి, ఖాళీ గోనెని మడిచి, ఊడ్పులకెళ్ళే మనిషిలా నెత్తిమీంచి ముసుగేసుకుంది. నాకు నవ్వాగలేదు. "వ్యాన్లో వాన పడుతుందా అప్పా?"

"సూద్దాం" అంది.

గంటో రెండు గంటలో గడిచేక నా నుదుటిమీద టప్పుమంది. తర్వాత ముక్కుమీద. తర్వాత లెక్కలేదు. వానొచ్చిందనుకుని తలుపు తీసేను. బయట నేల పొడిగా ఉంది, ఆకాశం నిండా చుక్కలున్నాయి. లోపల మాత్రం రేకు పైకప్పంతా చెమటలు పట్టి అల్లుడి పరుపు మీద కురుస్తోంది. గోనె ముసుగులోంచి అప్ప గొంతు వచ్చింది. "వాన కాదమ్మాయిగోరూ. పొద్దుట్నుండీ మీరాడిన మాటలన్నీ పైకెల్లి మళ్ళీ మీ మీదే పడతన్నాయి."

పొద్దున్నే డ్రైవరు ఆ పరుపుని వ్యాను నెత్తిమీద ఎండేసేడు. సరిగ్గా సంత కూడే వేళ. నీలం చారల మధ్యన గుండ్రంగా ఇంత పెద్ద తడి మరక. కొండ ఆడవాళ్ళు బుట్టలు దించి, తలెత్తి దాన్ని చూసి, నన్ను చూసి, వాళ్ళ భాషలో ఏదో అడిగేరు. డ్రైవరు పళ్ళికిలించేడు.

"ఏమంటున్నారు?"

"ఇంత పెద్ద పిల్లకి ఇంకా ఆ అలవాటు మానలేదా అంటన్నారండి."

అదే సమయానికి జీపు కనబడింది. టోపీ దొర, పక్కన హెడ్ గుమాస్తా. పిల్ల నిలిచిందా పారిపోయిందా చూడ్డానికి వస్తున్నారు. జీపు మలుపు తిరిగేలోపు అప్ప వ్యాన్లోకి దూరి కిటికీలకున్న పోస్టర్లన్నీ చింపి ఉండ చుట్టి టీ పాక పొయ్యిలో పారేసింది. పరుపుని దించే వ్యవధి లేకపోయింది. హెడ్ గుమాస్తా జీపు దిగుతూనే తలెత్తి, ఎంతో ఆప్యాయంగా, "పాపం, చీకట్లో దిగాలంటే ఆడపిల్లకి భయమే కదండీ. నేను ముందే మనవి చేసేను" అన్నాడు.

"ఏమ్మా, ఉండలేకపోతున్నావా?" అన్నారు దొర.

నిజం చెప్పాలంటే డేక్సా గురించి చెప్పాలి. డేక్సా గురించి చెబితే కిటికీల గురించి అడుగుతారు. గాలి రానివ్వండని ఊళ్ళకి చెప్పవలసిన మనిషి, ఆ పోస్టర్లతోనే గాలి మూసేసిందని తేలితే, టపా రిజిస్టరు కూడా ఇవ్వరు. పుట్టి బుద్ధెరిగేక మొదటిసారి నా నోట మాట లేదు.

అప్ప నోట్లోంచి చుట్ట తీసింది. "నానే బాబూ. ముసిలి పేనం, సలికి ఆగనేదు. ఈ అమ్మాయిగోరు తన పరుపు నాకేసి, తను గడ్డిమీద తొంగుంది."

దొర టోపీ తీసేరు. (నేనే చూసేను, జుట్టు లేదు.) "శభాష్" అని చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నారు. హెడ్ గుమాస్తా మొహం అచ్చం ఆ పరుపులాగే అయింది. ఉద్యోగం నిలిచింది.

ఆ రాత్రి కిటికీ జానెడు తెరిచి, గడ్డి గోనెమీద, అప్ప బొంతలో సగం కప్పుకుని పడుకున్నాను. అంత వెచ్చటి నిద్ర మా బావ కూడా పోయి ఉండడు. "ఎందుకలా చెప్పేవు అప్పా?" అనడిగితే, "నా వయసుకి ఎవులైనా నమ్ముతారు. మీకు పెళ్ళవ్వాల. ఆ గుమాస్తా బావమరిదొస్తే నాను ఏగనేను" అని అటు తిరిగి పడుకుంది.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. "అప్పకి చాప చాలు, పరుపెయ్యకండోయ్" అని ఆఫీసులో చాన్నాళ్ళు నవ్వుకున్నారు. అప్పా నవ్వేది. నేనూ నవ్వేను. ఇంటికొచ్చేక మా అమ్మ మరక చూసి నిలదీస్తే, "మా ఆయా, ముసలిది" అన్నాను. ఈసారి ఎదుట ఏ దొరా లేడు, ఏ ఉద్యోగమూ పోదు, అయినా అనేసేను. బావకి కొత్త పరుపు కుట్టించేరు. పాతదాని దూది ఏకించి, గుడ్డ మార్చి, నా పెళ్ళికి నాకిచ్చేరు. మా ఆయన పదేళ్ళు అల్లుడి దర్జాతో దానిమీద పడుకున్నారు. (ఇది చదివితే ఈ పూట ఇంట్లో వాదనే.)

ఇప్పటికీ చలికాలంలో నేను కిటికీ ఒకటి జానెడు తెరిచే ఉంచుతాను. చలొస్తోంది, మూసెయ్యమని ఆయన గొణుగుతారు. చలి రావడమనేది ఉండదని మొదలెట్టబోయి, ఊరుకుంటాను. ఆ సందులోంచి ఎప్పుడైనా అడ్డచుట్ట వాసన వస్తే, "తడిపింది నేనే అప్పా" అని చెబుదామని కాచుకునున్నాను. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నలుగురిలో ఆ ఒక్క ముక్కకీ నోరు రాలేదు. ఇప్పుడైనా వస్తుందా అంటే, ఆవిడన్న మాటే. సూద్దాం.