వైఫైలో మావారి పేరు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో పెరట్లో చింతచెట్టు మీద ఎవరో ఉన్నారని మా తోడికోడలు భయపెడితే, మర్నాడే ఆ చెట్టు కింద పొయ్యి పెట్టించుకుని పూతరేకులు తీయడం మొదలుపెట్టినదాన్ని. ముప్ఫై ఏళ్లుగా ఆ నీడలోనే కూర్చుంటున్నాను. చింతాకు తప్ప ఇంకేదీ నా మీద పడలేదు.

నేను చదివింది ఐదో తరగతి. అయితే చూసింది చూసినట్టు గుర్తుంటుంది. కిందటి శ్రావణంలో జరిగింది కూడా అలాగే గుర్తుంది. ఎవరైనా చదివినవాళ్లు ఇది ఇదమ్మా అని చెబితే వినాలని ఉంది.

మాది ఆత్రేయపురం దగ్గర చిన్న పల్లె. పిండి నీళ్లలో గుడ్డ ముంచి, పొయ్యి మీద బోర్లించిన కుండ మీద పరిచి లాగితే రేకు వస్తుంది. రోజంతా అదే పని. చుట్టిన పూతరేకుల పెట్టెలు మావారు మోపెడ్ మీద రావులపాలెం కొట్లకు వేసి, పదకొండుకల్లా ఇంటికి వచ్చేసేవారు. బండి చింతచెట్టు పక్కనే ఆపేవారు. ఏడాదిన్నర కిందట ఒక పొద్దున్న కాలవ గట్టు మీద బండి జారింది. మనిషిని తీశారు, బండిని తీశారు. ఫోను దొరకలేదు. ఆ గోలలో ఫోను గురించి ఎవరు వెతుకుతారు?

ఇంటికి వైఫై పెట్టించింది ఆయనే. తీగ లాగడానికి వచ్చినతను పేరేం పెట్టమంటారని అడిగితే, “నా పేరే పెట్టవయ్యా. ఈ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచే దిక్కు లేదు. ఫోనయినా పిలుస్తుంది” అని నా వంక చూసి నవ్వారు. నిజమే. ఆయన పేరు నేను ఎన్నడూ పలకలేదు. మా అమ్మా అంతే, మా అత్తగారూ అంతే. రేషను కార్డు రాయించేటప్పుడు కూడా పక్కనున్నవాళ్ల చేత చెప్పించేదాన్ని. ఇక్కడా రాయడం లేదు.

మాకు ఒక్కతే కూతురు, దుర్గ. నర్సింగు పూర్తి చేసింది. హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు ఫోనులోనే మనిషిని చూస్తూ ప్రశ్నలు అడుగుతామన్నారు. వాళ్లకు నచ్చితే ఉద్యోగం. తండ్రి పోయాక ఆ పిల్ల ముఖంలో వెలుగు చూసింది ఆ కబురు వచ్చిన రోజే. పాత ఫోను అద్దం పగిలి మనిషి ముఖం సరిగ్గా కనిపించడం లేదని, ఆ ఇంటర్వ్యూ కోసమే కొత్త ఫోను కొన్నాం.

కొత్త ఫోనుకు వైఫై సరిగ్గా పట్టేది కాదు. ఏది నొక్కినా ఆ గుండ్రటిది తిరుగుతూ ఉండేది. చిత్రం ఏమిటంటే, పగిలిన పాత ఫోనుకు అదే ఇంట్లో, అదే మంచం మీద చక్కగా వచ్చేది. దుర్గ కొత్త ఫోను ఆపి మళ్లీ పెట్టింది. వైఫై బాక్సు స్విచ్చి తీసి వేసింది. ఫోను తొడుగు కూడా విప్పింది. కాసేపు బాగుండేది, మళ్లీ మొదలు.

ఒకరోజు దుర్గ స్నానానికి వెళ్తే, నేనే కంపెనీ వాళ్ల నంబరుకు ఫోను చేశాను. అవతల ఎవరో అమ్మాయి.

“మీ వైఫై పేరు చెప్పండమ్మా.”

“మావారి పేరేనమ్మా.”

“మీవారి పేరేంటండీ?”

“అదే కదమ్మా, వైఫై పేరు.”

ఆ అమ్మాయి పాపం మూడుసార్లు అడిగింది. గోడ అవతల నుంచి మా తోడికోడలు మంగక్క విని, పడీపడీ నవ్వి, ఆ పేరు గట్టిగా అరిచి చెప్పింది. ఆవిడకు మరిది, చెప్పవచ్చు. “మొగుడి పేరు చెప్పలేక ఇంటర్నెట్టు పోగొట్టుకున్న మనిషిని నిన్నే చూసేనే సత్తెవతీ” అంది. నేనూ నవ్వాను. అప్పటికింకా నవ్వే వీలుంది.

సాయంత్రం ప్రభాకర్ వచ్చాడు. మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తీగలు చూసేది అతనే. నలభై ఏళ్లుంటాయి, నెమ్మదస్తుడు, ఆదివారం పొద్దున్న చర్చికి పోతాడు కాబట్టి ఆ పూట తప్ప ఎప్పుడు పిలిచినా వస్తాడు. బాక్సు ఇనప బీరువా వెనకాల ఉంటే సిగ్నలుకు అడ్డమని తీసి గుమ్మం పైన కొట్టాడు. కొత్త ఫోనులో ఏవేవో వాటంతటవే దిగుతున్నాయని ఆపాడు. అప్పుడు పరీక్ష చేస్తే గాలిలా పరిగెత్తింది. మర్నాడు పొద్దున్న పదిన్నర దాటాక మళ్లీ అదే తిరుగుడు.

రెండోసారీ సాయంత్రమే వచ్చాడు. మళ్లీ అంతా బాగుంది. “ఫోను మంచిదేనండీ, బాక్సూ మంచిదే. పగలు మీరే దాన్ని తిడుతున్నారేమో, అలిగింది” అని వెళ్లిపోయాడు.

ఇంటర్వ్యూ పదకొండు గంటలకు పెట్టారు. దుర్గ తెల్లచీర కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. అవతల మేడమ్ నమస్కారం అనేసరికి బొమ్మ ఆగిపోయింది. రెండు నిమిషాలకు కదిలింది, మళ్లీ ఆగింది. ఇరవై నిమిషాలు అలాగే గడిచాయి. మధ్యాహ్నం ఆవిడే ఫోను చేసి, ఇంకో వారానికి మళ్లీ పెడతామనీ, అప్పుడూ ఇలాగే అయితే ఇంక కుదరదనీ చెప్పింది. దుర్గ చీర మడత పెడుతూ ఒక్క మాట అంది. “ఆపరేషను గదిలో నిలబడతానని చెప్పాల్సిన మనిషిని, మన ఇంట్లోనే నిలబడలేకపోయేనమ్మా.”

మూడోసారి ప్రభాకర్‌ను పదకొండు గంటలకే రమ్మన్నాను. వచ్చి, కొత్త ఫోను చూసి, తన ఫోనులో ఏదో పట్టిక తెరిచాడు. చుట్టుపక్కల గాలిలో ఉన్న వైఫైలన్నీ విడివిడిగా అందులో కనిపిస్తాయట. కాసేపు చూసి, నన్ను చూశాడు.

“ఈ పేరుతో రెండున్నాయండీ.”

ఒకటి మా గుమ్మం మీది బాక్సు, నిండా గీతలతో. రెండోది ఒకే గీతతో. పేరు అదే, అక్షరం తేడా లేదు. కొత్త ఫోను దగ్గరున్నదాన్ని వదిలేసి, ఆ ఒక్క గీతదాన్ని పట్టుకుని వేలాడుతోంది. పేరూ పాస్‌వర్డూ ఒకటే అయితే ఫోనుకు ఏది ఏదో తెలియదనీ, రెండూ ఒకటే అనుకుంటుందనీ అతను చెప్పాడు. పక్కింటివాళ్లు ఎవరైనా అదే పేరు పెట్టుకున్నా పాస్‌వర్డు కలవదు. అది మా దుర్గ పుట్టినరోజు.

“గురువుగారి ఫోనులో హాట్‌స్పాట్ ఉండేదా అండీ?” మావారిని అతను అలాగే అనేవాడు.

ఉండేది. బయటకు వెళ్లినప్పుడు దుర్గ ఫోనుకు తన ఫోను నుంచి నెట్టు ఇచ్చేవారు. దానికీ అదే పేరు, అదే పాస్‌వర్డు పెట్టుకున్నారు. “ఎక్కడున్నా పిల్ల ఫోను నా పేరే పట్టుకోవాలి” అనేవారు.

“ఆ ఫోను ఎక్కడుందండీ ఇప్పుడు?”

దుర్గే చెప్పింది, కాలవలో అని.

నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. బండి జారిన ఆ పొద్దున్న ఆయన దగ్గరి నుంచి ఫోను వచ్చింది. నా చేతుల్లో తడి గుడ్డ ఉంది, కుండ కాగి ఉంది. చెయ్యి తీస్తే రేకు మాడిపోతుంది. ఎలాగూ వచ్చేస్తారు కదా అని మోగనిచ్చాను. రెండోసారి మోగలేదు.

ప్రభాకర్ తన ఫోను పట్టుకుని ఇల్లంతా నడిచాడు. వెనకాలే నేనూ నడిచాను. వీధి వైపు ఆ రెండో పేరు లేనేలేదు. వంటింట్లో ఒక గీత. పెరటి గుమ్మం దాటితే రెండు. చింతచెట్టు పక్కన, ఆయన మోపెడ్ ఆపే చోట, నిండా వచ్చింది. అక్కడ ఏముంది? గట్టిపడిన నేల, ఒక నూనె మరక. అతను వంగి చేత్తో తడిమి చూశాడు. గోడ అవతల మంగక్క ఇంట్లో కూడా చూసి వచ్చాడు. ఆ వైపు లేదు. పన్నెండు దాటేసరికి ఆ పేరు పట్టికలోంచి పోయింది.

“నాకు తెలిసిన పని చేస్తానండీ, తెలియనిదాని జోలికి పోను” అన్నాడు. మా బాక్సుకు దుర్గ పేరు పెట్టాడు, పాస్‌వర్డు మార్చాడు. ఇక కొత్త ఫోనులోంచి పాత పేరు తీసేయాలి. ఫోను తెలుగులో పెట్టి ఉంది నా కోసమని. ఆ పేరు మీద నొక్కితే కింద ఒక మాట వచ్చింది: మర్చిపో.

దుర్గ వేలు వెనక్కి తీసుకుంది. ప్రభాకర్ ఫోను నా వైపు పెట్టాడు. పిల్ల ఉద్యోగం గుర్తు తెచ్చుకుని నేనే నొక్కాను.

ఆ తర్వాత వారం రోజులూ ఫోను ఒక్కసారి ఆగలేదు. పదిన్నరకు ఆ పాత పేరు కింద వరసలో, తాళం బొమ్మతో, ఒక్క గీతతో కనిపించేది. పన్నెండుకు పోయేది. దాని మీద చెయ్యి వేయలేదు. చూడకుండానూ ఉండలేకపోయాను.

ఇంటర్వ్యూ రోజు పొద్దుటి నుంచి ముసురు. పదకొండుకు దుర్గ ముందు గదిలో కూర్చుంది. మధ్యలో ఎవరైనా ఫోను చేస్తే ఆగిపోతుందని సిమ్ము పాత ఫోనులోనే ఉంచి, ఆ ఫోను నాకిచ్చింది. నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని, పొయ్యి వెలిగించకుండా ఊరికే పెరటి అరుగు మీద కూర్చున్నాను. అక్కడి నుంచి కిటికీలో దుర్గ కనిపిస్తుంది, గుమ్మం మీది బాక్సూ కనిపిస్తుంది.

పది నిమిషాలు బాగా మాట్లాడింది. అంతలో ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు. కరెంటు పోయింది. వంటింట్లో దీపం పోయింది, బాక్సు మీది పచ్చ దీపాలు పోయాయి. మాకు ఇన్వర్టరు లేదు. దుర్గ మాట సగంలో ఆగింది. ఫోను వంక చూస్తూ అలాగే ఉండిపోయింది. ఏడవలేదు, కదలలేదు.

అప్పుడు నేను ఆయన పేరు పెట్టి పిలిచాను.

ఎందుకు పిలిచానో తెలియదు. దేవుణ్ణి పిలవబోయాననుకుంటాను. నోట్లోంచి ఆ పేరు వచ్చింది. యాభై రెండేళ్ల మనిషిని, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చింతచెట్టు వైపు చూశాను. అక్కడేమీ లేదు, వాన పడుతోంది.

లోపల దుర్గ మాట్లాడుతోంది. “ఆయ్, వినిపిస్తున్నారండీ... లేదండీ, ఆగలేదండీ...” అని మొదలుపెట్టి, రోగికి ఊపిరి ఆడకపోతే ముందు ఏం చేయాలో చెప్పుకుంటూ పోయింది. గోడమీద గడియారం ప్రకారం ఇరవై రెండు నిమిషాలు. ఆ ఇరవై రెండు నిమిషాలూ నేను బాక్సునే చూశాను. ఒక్క దీపం వెలగలేదు.

అయ్యాక దుర్గ ఫోను తెచ్చి నా ఎదుట పెట్టింది. పైన ఆ పేరు. నిండా గీతలు. కింద కనెక్ట్ అయింది అని ఉంది. మేమిద్దరం దాన్ని ముట్టుకోలేదు. పన్నెండు దాటాక పోయింది. ఒంటిగంటకు కరెంటు వచ్చింది.

సాయంత్రం ప్రభాకర్ వచ్చి అన్నీ చూశాడు. కొత్త ఫోనులో సిమ్ము లేదు. పాత ఫోనులో హాట్‌స్పాట్ వెయ్యలేదు. మర్చిపొమ్మని చెప్పాక ఫోనులో పాస్‌వర్డు ఉండదట, మళ్లీ ఎవరైనా కొడితే తప్ప ఆ పేరుకు తగులుకోదట. కొట్టలేదని దుర్గ తన మీద ఒట్టు వేసుకుంది. కొమ్మ పడి ఆ టైములో మా వీధి తీగ కూడా తెగిందని, కరెంటు ఉన్నా మా బాక్సు పనిచేసేది కాదని అతనే చెప్పాడు. టీ ఇస్తే తాగి, గ్లాసు కింద పెట్టి, “నేను ప్రార్థన చేసుకుంటానండీ, మీరు మీ పద్ధతిలో ఏమైనా చేయించుకోండి” అన్నాడు.

దుర్గకు ఉద్యోగం వచ్చింది. నెల తిరక్కుండా హైదరాబాదు వెళ్లింది. కొత్త ఫోను అక్కడ ఒక్కరోజు కూడా మొరాయించలేదట. మా ఇంట్లో మాత్రం ఆ పేరు మళ్లీ కనిపించలేదు. నేను పాత ఫోనులో రోజూ పదిన్నరకు వరస తెరిచి చూస్తాను. మంగక్క పేరుంది, ఎదురింటివాళ్ల పేరుంది, దుర్గ పేరుంది.

దెయ్యం అనడానికి నాకు నోరు రాదు. ఇన్నేళ్లు నమ్మనిది మావారి విషయంలో ఎలా నమ్మను? కరెంటు లేకుండా, తీగ లేకుండా, పాస్‌వర్డు లేకుండా ఆ ఇరవై రెండు నిమిషాలు ఎలా నడిచాయో చెప్పగలిగినవాళ్లు నాకింకా తగల్లేదు.

ఇంకోసారి పిలిచి చూడవే, తేలిపోతుంది అంటుంది మంగక్క. పొయ్యి దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పేరు నోటి దాకా వస్తుంది. మింగేస్తాను. పిలిస్తే పలకకపోతే ఎలా అన్నది ఒక భయం. పలికితే ఎలా అన్నది ఇంకో భయం. అలా ఆలోచిస్తుండగానే ఒకటి రెండు రేకులు మాడిపోతుంటాయి. ఫోను మోగితే మాత్రం ఇప్పుడు గుడ్డ వదిలేసి తీస్తున్నాను.